ఇరువదియొక్క నెలల రాజ్యము



మన కోనసీమ పాత ఇండ్లలో రంగమను మాట ఎరుగనివారు అరుదు. "వాడు రంగము పోయినాడు" అనిన, బర్మా దేశమునకు, అందులో రంగూను పట్టణమునకు పనికి పోయినాడని అర్థము. అక్కడ సంపాదించిన సొమ్ముతో ఇక్కడ నేల కొన్నవారు కలరు, ఇల్లు కట్టినవారు కలరు, పోయి తిరిగి రానివారును కలరు. ఆ దేశములో 1943 ఆగస్టు 1వ తేదీన ఒక క్రొత్త రాజ్యము పుట్టెను. దానికి జెండా ఉండెను, అధిపతి ఉండెను, మంత్రులుండిరి, ఇతర దేశములతో ఒడంబడికలుండెను. 1945 మే నెల వచ్చునప్పటికి ఆ రాజ్యము లేదు. అది బ్రదికినది ఇరువదియొక్క నెలలు.

ఇంత కొద్దికాలము నిలిచిన రాజ్యమును గూర్చి మనమేల తెలిసికొనవలెనని మీరు అడుగవచ్చును. ఆ రాజ్యములో మనవారుండిరి. ఇది మొదటి కారణము. రెండవది ఇంకను ముఖ్యమైనది. బలవంతుడు బలహీనునికి స్వాతంత్ర్యమును బహుమానముగా ఇచ్చినప్పుడు, ఆ బహుమానమును ఎట్లు పరీక్షించవలెనో ఆ ఇరువదియొక్క నెలలు మనకు స్పష్టముగా నేర్పుచున్నవి.

రంగము దారి

గౌతమి సముద్రమును చేరు చోటికి దాపున, యానాము ప్రక్కన, కోరంగి అను పాత రేవు కలదు. ఒకప్పుడు అది పేరుపొందిన ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని పాడుచేసెను. పిమ్మట కాకినాడ పెరిగెను. అయినను కోరంగి పేరు బర్మాలో చావలేదు. మన తీరమునుండి వచ్చిన తెలుగు కూలీని అక్కడ "కోరంగీ" అనియే పిలిచిరి. గంజాము, విశాఖపట్నము, గోదావరి జిల్లాలనుండి ఏటేట వేలకొలది జనులు స్టీమరు డెక్కుమీద మూటలు ప్రక్కన పెట్టుకొని రంగూను చేరుచుండిరి. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పాటుపడుట, రిక్షాలు లాగుట, వీధులు ఊడ్చుట వారి పనులు. కోతల కాలమున ఐరావతీ నది డెల్టా పొలములకు పోవువారును ఉండిరి. మన డెల్టావలెనే అదియును వరి పండు నేల.

వీరిలో అనేకులు మేస్త్రీ చేతిమీదుగా పోయినవారు. ఓడ టిక్కెట్టు డబ్బు, ఇంటివారి ఖర్చుకు కొంత రొక్కము మేస్త్రీ ముందుగా ఇచ్చును. చూచుటకు అది మేలుగానే కనబడును. కాని అక్కడ దిగిన తరువాత పని చూపువాడు మేస్త్రీ. కంపెనీవారి యొద్ద కూలి అందుకొని, తన వంతు పట్టుకొని, మిగిలినది పంచువాడు మేస్త్రీ. బాకీ తీరినదో లేదో లెక్క చెప్పువాడును అతడే. ఇచ్చిన చేతిలోనే తాళపుచెవి ఉండెను. చదువరులారా, ఈ మేస్త్రీని జ్ఞాపకముంచుకొనుడి. ఈ చరిత్రలో అతడు మరియొక వేషముతో మరల వచ్చును.

1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10,17,825 మంది. వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను పట్టణములో సగమునకు పైగా భారతీయులే. తమ రాజధానిలోనే తాము కొద్దిమందియైనందుకు బర్మీయులు నొచ్చుకొనుట సహజమే. దానికి తోడు 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో వరి ధర పడిపోయి, అప్పులు తీరక, దిగువ బర్మా పొలములలో ఇంచుమించు నాలుగవ వంతు తమిళ దేశపు చెట్టి వ్యాపారుల పరమాయెను. పొలము పోయిన బర్మీయ రైతుకు చెట్టియారును, మన కూలీయును ఒక్కటిగానే కనబడిరి.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. వారి స్థానములో బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మనిరి. మే 26న కొట్లాట ఆరంభమై, కొన్ని దినములలో వందమందికి పైగా హతులైరి. వారిలో ఎక్కువమంది మన కూలీలే. ఒకే రొట్టెముక్కకొరకు ఇద్దరు బీదలు పొడుచుకొనిరి. ఆ ముక్కను చిన్నదిగా కోసినవారికి గీత పడలేదు.

1937 ఏప్రిల్ 1న ఇంగ్లీషు ప్రభుత్వము బర్మాను భారతదేశమునుండి వేరుచేసెను. వేరైన బర్మాకు మొదటి ప్రధానమంత్రి డాక్టరు బా మౌ. పరదేశములలో చదివిన బారిస్టరు. 1931లో రైతు తిరుగుబాటు నాయకుడగు సయా సాన్ పక్షమున కోర్టులో వాదించి పేరుపొందినవాడు. 1940లో, ఇంగ్లీషువారి యుద్ధమునకు సహాయము చేయరాదని పలికినందున అతనిని చెరసాలలో వేసిరి.

బాంబులు, నడక

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుమీద బాంబులు వేసెను. ఒక్క దినమునందే వేయిమందికి పైగా మృతులైరి. క్రిస్మసు దినమున విమానములు మరల వచ్చెను. రేవు దగ్గర పనిచేయు మనవారు ఈ దెబ్బకు మొదట గురియైరి. 1942 మార్చి 8న జపాను సేన రంగూనులో ప్రవేశించెను.

ఓడలలో చోటు దొరికినవారు కొందరు. తక్కినవారు నడిచిరి. ప్రోము నుండి అరకాను కొండలు దాటి తౌంగుప్ మీదుగా కొందరు, చింద్విను నది దాటి తమూ మీదుగా ఇంఫాలునకు కొందరు, ఉత్తరమున హుకాంగ్ లోయగుండ అస్సామునకు కొందరు సాగిరి. నీరు లేదు, అన్నము లేదు, కలరా వ్యాపించెను. పిమ్మట వానలు పట్టెను. నాలుగు లక్షలకు పైగా జనులు ఇట్లు దేశము చేరిరి. దారిలో రాలిపోయినవారు పదివేలనువారు కలరు, ఏబదివేలనువారు కలరు. పేర్లు వ్రాసికొనినవారు లేరు గనుక లెక్క తేలలేదు. 1942 ఏప్రిల్ 6న కాకినాడమీద, విశాఖపట్నముమీద కూడ జపాను బాంబులు పడెను. అక్కడ బిడ్డలు అడవిలో నడచుచుండగా, వారికొరకు ఎదురుచూచు తల్లులకు ఇక్కడను నెమ్మది లేకపోయెను.

నడువలేనివారు, రోగులు, ఆలుబిడ్డలను విడువలేనివారు, బాకీలు వదలుకొనలేనివారు అక్కడనే నిలిచిపోయిరి. క్రొత్త రాజ్యము వీరి తలమీదనే పుట్టెను.

ముప్పదిమంది యువకులు

జపానువారు ఒంటరిగా రాలేదు. వారి వెంట బర్మీయ యువకులు వచ్చిరి. ఆంగ్ సాన్ అను విద్యార్థి నాయకుడు 1940లో రహస్యముగా దేశము దాటెను. అతనితో కూడ ముప్పదిమంది యువకులు జపాను అధికారియగు కర్నల్ సుజుకి చేతిక్రింద హైనాన్ ద్వీపములో యుద్ధవిద్య నేర్చిరి. 1941 డిసెంబరులో బ్యాంకాకు పట్టణమున వారు బర్మా స్వాతంత్ర్య సేనను స్థాపించిరి. జపాను తమకు స్వాతంత్ర్యమిచ్చునని వారు నమ్మిరి. సేన దేశములోనికి రాగానే వేలమంది అందులో చేరిరి.

రంగూను పడినది గాని స్వాతంత్ర్యము రాలేదు. జపాను సైనిక పరిపాలన వచ్చెను. సుజుకిని 1942లోనే వెనుకకు పిలిపించిరి. స్వాతంత్ర్య సేనను రద్దుచేసి, దానికి మారుగా చిన్న సేనను నిలిపిరి. 1942 ఆగస్టు 1న, చెరసాలనుండి తప్పించుకొని వచ్చిన బా మౌను జపాను సైన్యము క్రింద పరిపాలనకు పెద్దను చేసిరి.

1943 ఆరంభములో యుద్ధము జపానునకు ఎదురుతిరిగెను. ఫిబ్రవరిలో గ్వాదల్‌కెనాల్ ద్వీపము విడిచిపోవలసి వచ్చెను. సరిగా ఆ దినములలోనే, జనవరి మాసమందు, జపాను ప్రధానమంత్రి టోజో తమ పార్లమెంటులో లేచి, సంవత్సరము తిరుగకముందే బర్మాకు స్వాతంత్ర్యమిత్తుమని ప్రకటించెను. మేస్త్రీకి కూలీతో అవసరము పెరిగినప్పుడు ముందు రొక్కము కూడ పెరుగును గదా!

ఆగస్టు ఒకటి

1943 ఆగస్టు 1న రంగూనులో సైనిక పరిపాలన ముగిసినదని ప్రకటించి, బర్మా స్వతంత్ర దేశమని చాటిరి. డాక్టరు బా మౌ రాజ్యాధిపతి ఆయెను. అతని బిరుదములోని "అధిపతి" అను మాట మన మాటయే. పాళీ భాషగుండ అక్కడికి చేరినది. ఆంగ్ సాన్ రక్షణ మంత్రి. తకిన్ నూ విదేశాంగ మంత్రి. తరువాతి కాలమున ఊ నూ అని లోకమెరిగినవాడు ఇతడే. ఆ దినముననే జపానుతో స్నేహపు ఒడంబడిక వ్రాసిరి. ఆ దినముననే ఇంగ్లండుమీదను అమెరికామీదను యుద్ధము ప్రకటించిరి. రాజ్యము పుట్టిన రోజుననే బిడ్డచేతికి కత్తి ఇచ్చి, ఇతరుని కొట్లాటలోనికి పంపినట్లు ఆయెను.

ఈ రాజ్యమును జపాను, జర్మనీ, వారి పక్షపు దేశములు అంగీకరించెను. ఇంగ్లండు, అమెరికా, రష్యా అంగీకరింపలేదు. ఇది మన ఊళ్ల దస్తావేజును పోలియున్నది. ఒక పక్షపు బంధువులు మాత్రమే సాక్షి సంతకములు చేసి, తక్కిన ఊరివారు చేయి వేయనియెడల, ఆ కాగితము ఆ పక్షము బలముగా నున్నంతకాలమే చెల్లును. చరిత్రకారులు ఇట్టి దానిని ఉపగ్రహ రాజ్యమందురు. చంద్రుడు భూమిచుట్టు తిరుగునట్లు అది పెద్ద రాజ్యముచుట్టు తిరుగును. 1932లో జపాను మంచూరియాలో నిలిపిన మంచుకువో, 1943 అక్టోబరులో ఫిలిప్పీను ద్వీపములలో నిలిపిన రాజ్యము ఈ తెగవే.

రాజుల రెండవ గ్రంథము చదివిన మీకు ఇది వింత కాదు. బబులోను రాజు యెరూషలేమును లోబరచుకొని, మత్తన్యాను సింహాసనమెక్కించి, అతనికి సిద్కియా అని మారుపేరు పెట్టెను. దావీదు వంశపువాడే, దావీదు సింహాసనమే. కాని పేరు పెట్టినవాడు బబులోనువాడు. సిద్కియా ఎప్పుడు తలయెత్తినను ఆ పేరు అతని మెడమీదనే ఉండెను.

మూడు ప్రశ్నలు

ఒక రాజ్యము నిజముగా స్వతంత్రమా కాదా అని తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలును. కత్తి ఎవరి చేతిలో నున్నది? డబ్బు సంచి ఎవరి చేతిలో నున్నది? దారి ఎవరి చేతిలో నున్నది?

కత్తిని చూడుడి. దేశమంతట నిండియున్న జపాను సేనకు బా మౌ ఆజ్ఞ చెల్లదు. జపాను సైనిక పోలీసులైన కెంపేయితాయివారు ఎవరిని పట్టుకొనిపోయినను అడుగువారు లేరు. 1944లో కొందరు జపానీయులు అధిపతి ఇంటిలోనే చొరబడి అతనిని చంపజూచిరి, అతడు తప్పించుకొనెను. తన ఇంటి వాకిలినే కాపాడుకొనలేని అధిపతి దేశపు వాకిలిని ఎట్లు కాపాడును?

సంచిని చూడుడి. చెలామణిలో నున్నవి జపానువారు అచ్చువేసిన రూపాయి నోట్లు. వాటి వెనుక బంగారము లేదు, సరుకు లేదు. కావలసినంత అచ్చువేసికొనిరి, ధరలు ఆకాశమునంటెను. యుద్ధమునకు ముందు ఏటేట ముప్పది లక్షల టన్నుల బియ్యము పరదేశములకు పంపిన బర్మాలో కొనువాడు లేక, ఓడలు లేక, ఎద్దులు దొరకక పొలములు బీడుపడెను. యుద్ధాంతమునకు సాగు ఇంచుమించు సగమునకు తగ్గెను. బట్ట దొరకక గోనెపట్టాలు కట్టుకొనినవారుండిరి. అదే 1943లో వంగదేశములో లక్షలకొలది జనులు ఆకలితో చచ్చిరి. బర్మా బియ్యము రాకపోవుట ఆ కరవు కారణములలో ఒకటి. ఒకచోట ధాన్యము కుళ్లెను, వేరొకచోట మనుష్యులు రాలిరి. వరి పండించు మనకు ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

దారిని చూడుడి. సయాము దేశమునుండి బర్మాలోని తన్‌బ్యూజయాత్ వరకు 415 కిలోమీటర్ల రైలుదారిని జపాను సైన్యము కొండలు పగులగొట్టి వేయించెను. 1943 అక్టోబరు 17న పట్టాలు కలిసెను. అప్పటికి బర్మా స్వతంత్రమై రెండున్నర నెలలు. అరువది వేలకు పైగా యుద్ధఖైదీలు అక్కడ పనిచేసిరి. పండ్రెండు వేలకు పైగా చచ్చిరి. బర్మా, మలయా దేశములనుండి తెచ్చిన కూలీల సంగతి ఇంకను ఘోరము. లక్షా ఎనుబది వేలకు పైగా జనులను తెచ్చిరనియు, వారిలో తొంబది వేలమంది చనిపోయిరనియు అంచనాలు కలవు. బర్మీయ కూలీల దండుకు "చెమట సైన్యము" అని గొప్ప పేరు పెట్టిరి. మంచి కూలి, మంచి భోజనము అని చెప్పి తీసికొనిపోయిరి. మలయా రబ్బరు తోటలనుండి పోయినవారిలో తమిళులు ఎక్కువ, తెలుగువారును కలరు. ఖైదీలకు సమాధులు, రాతిమీద పేర్లు ఉన్నవి. కూలీలకు అవి లేవు.

ఇంకొక సంగతి. స్వాతంత్ర్యము ప్రకటించి మూడు వారములైన కాలేదు. ఆగస్టు 20న జపాను సయాము ప్రభుత్వముతో వేరొక ఒడంబడిక చేసికొని, షాను సంస్థానములలో కెంగ్‌తుంగ్, మోంగ్‌పాన్ అను రెంటిని సయామునకు ఇచ్చివేసెను. తక్కిన షాను సంస్థానములను సెప్టెంబరులో బర్మాకు "ఇచ్చెను". ఇంటివాని చేనులో గట్టు వేయువాడు బయటివాడు. అట్టి ఇల్లు ఎవరిది?

ఒకే రక్తము

ఈ రాజ్యమునకు ఒక నినాదముండెను: "ఒకే రక్తము, ఒకే కంఠము, ఒకే ఆజ్ఞ". బానిసత్వము వదలించుకొనగోరు జనమునకు అది ఉత్సాహమిచ్చిన మాటయే. కాని ఆ దేశములో ఒకే రక్తము లేదు. కరెన్లు, షానులు, కచినులు, అరకానువారు, మన తెలుగు తమిళులు ఉండిరి. ఒకే రక్తమని గోడమీద వ్రాసినప్పుడు, వేరు రక్తమువాడు ఎక్కడ నిలువవలెను?

కరెను జనుల సంగతి మనకు దగ్గరిది. 1813లో రంగూను చేరిన ఆదోనిరాము జడ్సను మిషను పనిగుండ, 1828లో బాప్తిస్మము పొందిన కో థా బ్యూ అను కరెను సువార్తికునిగుండ ఆ జనములో అనేకులు క్రైస్తవులైరి. ఇంగ్లీషు సేనలో వారు ఎక్కువగా చేరియుండిరి. అందువలన 1942లో, రాజ్యము ప్రకటింపబడుటకు ముందే, ఐరావతీ డెల్టాలోని మ్యావుంగ్‌మ్యా ప్రాంతమున స్వాతంత్ర్య సేనవారు కరెను ఊళ్లమీద పడిరి. మాజీ మంత్రియగు సా పే తా కుటుంబముతో కూడ హతుడాయెను. రోమను కతోలిక మిషను ఆవరణలో గురువుతో పాటు అనేకులు చంపబడిరి. కరెన్లును బర్మీయ ఊళ్లమీద పగ తీర్చుకొనిరి. ఆ దోషము ఒక పక్షపుదే అని మనము చెప్పరాదు. తరువాత ఆంగ్ సాన్, బా మౌ ఇద్దరును కరెను పెద్దలతో సమాధానపడ ప్రయత్నించిరి. సేనలో ఒక కరెను పటాలమును చేర్చుకొనిరి. ఇది వారికి గౌరవకరమే. కాని ఒకసారి చిందిన రక్తము నినాదముతో ఆరలేదు.

కరెను కొండలలో హ్యూ సీగ్రిం అను ఇంగ్లీషు మేజరు దాగియుండెను. అతడు పాదిరి కుమారుడు. కరెన్లు అతనిని "పొడుగుకాళ్ల తాత" అని ముద్దుగా పిలిచిరి. జపానువారు అతని జాడ చెప్పుమని ఊరూర కరెన్లను హింసించుచుండగా, వారి బాధ ఆగవలెనని 1944 మార్చిలో అతడు తానే వచ్చి పట్టుబడెను. తనతో శిక్ష పడిన కరెన్లు తన ఆజ్ఞ ప్రకారము చేసినవారే గనుక వారిని విడువుడని బ్రతిమాలెను. వారు అతనితో చచ్చుటకే సిద్ధపడిరి. 1944 సెప్టెంబరులో రంగూనులో వారందరికిని మరణశిక్ష జరిగెను. అతడును ఏలువారి జాతివాడే. కాని ఏలువాడు తన ప్రాణము తన చేతిలో ఉంచుకొని ఇతరుల ప్రాణములను ఖర్చుచేయును. ఇతడు తన ప్రాణమునే ముందు పెట్టెను.

మనవారి సంగతి

రంగూనులో మిగిలిన భారతీయుల నడుమకు 1944 జనవరిలో సుభాస్ చంద్ర బోసు వచ్చెను. 1943 అక్టోబరు 21న సింగపూరులో అతడు స్థాపించిన ఆజాద్ హింద్ ప్రభుత్వమును జపాను పక్షపు తొమ్మిది దేశములు అంగీకరించెను. బర్మా వాటిలో ఒకటి. ఒక ఉపగ్రహ రాజ్యపు నేలమీద నిలిచి మరియొక ప్రభుత్వము ఢిల్లీవైపు చూచెను. మనవారు తమ కొలదికి చందాలిచ్చిరి. సేనలో చేరినవారును ఉండిరి. ఆ ప్రభుత్వము వారికి ఒక మేలు చేసెను. పరదేశములో దిక్కులేక మిగిలిన భారతీయునికి తనవారని చెప్పుకొన ఒక పేరు కలిగెను. అయితే 1944 వానకాలమునందు ఇంఫాలు దగ్గర యుద్ధము ఓడిపోవుటతో ఆ ఆశయు కూలెను.

ముగింపు ఎట్లు వచ్చెను

చదువరులారా, బా మౌను, అతని మంత్రులను జపాను చేతి బొమ్మలని తేలికగా తీసివేయరాదు. పంజరములో నుండియు వారు తమ ప్రజలకొరకు కొంత పోరాడిరి. తాను పొందిన స్వాతంత్ర్యము వట్టి బూటకము కాదని బా మౌ 1968లో అచ్చైన తన గ్రంథమందు వాదించెను. అందులో కొంత నిజము కలదు. "స్వతంత్ర బర్మా" అను మాటను జపాను ఇచ్చినది తన పనికొరకు. కాని ఒకసారి బహిరంగముగా పలికిన మాటను వెనుకకు తీసికొనుట ఎవరితరము? మంత్రివర్గము నడుపుట, సేన నడుపుట నేర్చుకొనిన యువకులు ఆ మాటను నిజముగా అడుగుటకు మొదలుపెట్టిరి.

1944 ఆగస్టులో ఆంగ్ సాన్, తన్ తున్ మొదలగువారు రహస్యముగా ఫాసిస్టు వ్యతిరేక సంఘమును కట్టిరి. వీరిద్దరును బా మౌ మంత్రివర్గములోనివారే. 1945 మార్చి 27న, యుద్ధరంగమునకు పోవుచున్నట్లు రంగూనునుండి బయలుదేరిన బర్మా సేన జపానుమీదికే తుపాకి త్రిప్పెను. ఇప్పటికిని ఆ దేశము ఆ దినమును సేనా దినముగా పాటించుచున్నది. ఏప్రిల్ చివర జపానువారు రంగూను విడిచిరి. బా మౌయును వారితో పోయెను. మే 3న ఇంగ్లీషు పక్షపు సేన రంగూను చేరెను. జపాను నోట్లు చెల్లవని ప్రకటించిరి. పెట్టెలనిండ దాచినవి ఒక్క పూటలో చిత్తుకాగితములాయెను. బా మౌ జపానులో కొన్ని నెలలు దాగియుండి, 1946 జనవరిలో లొంగిపోయి, టోక్యోలోని సుగామో చెరసాలలో ఉంచబడి, ఆ సంవత్సరమే విడుదలయ్యెను.

1947 జులై 19న ఆంగ్ సాన్‌ను, అతని సహచరులను సభలో కూర్చుండియుండగా కాల్చి చంపిరి. 1948 జనవరి 4న బర్మా నిజముగా స్వతంత్రమాయెను. ఊ నూ ప్రధానమంత్రి. ఆ స్వాతంత్ర్యము ఒక పక్షపు బంధువుల సాక్షి సంతకములతో వచ్చినది కాదు; లోకము అంగీకరించినది. కాని 1949లోనే కరెన్లతో అంతర్యుద్ధము మొదలై తరములు తరములుగా సాగెను. ఒకే రక్తమను మాటకు ఆ దేశము ఇంకను వెల చెల్లించుచున్నది. మనవారికిని వెల పడెను. 1960 తరువాతి సంవత్సరములలో సైనిక ప్రభుత్వము అంగళ్లను, వ్యాపారములను జాతీయము చేయగా, లక్షకు పైబడి భారతీయులు మరల ఓడలెక్కి వచ్చిరి. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు.

మనము నేర్చుకొనవలసినది

ఇచ్చినవాడు తాళపుచెవి తనయొద్ద ఉంచుకొనినయెడల అది బహుమానము కాదు, అప్పు. మేస్త్రీ ఇచ్చిన రొక్కము అట్టిది, టోజో ఇచ్చిన స్వాతంత్ర్యము అట్టిది. సిద్కియాకు దొరికిన కిరీటమును అట్టిదే. కాబట్టి ఎవరైన మీకు మేలు చేయవచ్చినప్పుడు ఆ మూడు ప్రశ్నలు అడుగుడి. ఊరి ఎన్నికల దినములలో డబ్బు పంచువానిని అడుగుడి. కువైటునకో దుబాయికో పంపుదునని ముందుగా డబ్బు ఖర్చుపెట్టి పాస్‌పోర్టు చేతబట్టుకొను ఏజెంటును అడుగుడి. రంగపు ఓడలు నిలిచిపోయినవి గాని, మన బిడ్డలు కూలికి సముద్రము దాటుట నిలిచిపోలేదు. కత్తి ఎవరిది, సంచి ఎవరిది, తిరిగి వచ్చు దారి ఎవరి చేతిలో నున్నది? జవాబు సరిగా రానియెడల, ఎంత తీయని మాటయైనను ఆగి ఆలోచించుడి.

ఇంకొక ప్రశ్న కలదు. అది మనలను మనమే అడుగుకొనవలసినది. మనకు స్వాతంత్ర్యము దొరికినప్పుడు, మన ఊరిలో వేరు రక్తమువాడు, వేరు పేటవాడు, వేరు మాటవాడు దానిని మనతో సమానముగా పొందుచున్నాడా? ఆ ప్రశ్నకు బర్మా చెప్పలేకపోయిన జవాబు మనము చెప్పవలెను.

చివరిగా ఒక్క మనవి. మీ ఇంటి పాత పెట్టెలో రంగమునుండి వచ్చిన ఉత్తరముండవచ్చును, చెల్లని నోటు ఉండవచ్చును, ఫోటో ఉండవచ్చును. పోయినవారి పేర్లు జ్ఞాపకమున్న పెద్దలు ఒకరిద్దరు మిగిలియుండవచ్చును. ఆ పేర్లను అడిగి వ్రాసి ఉంచుడి. ఆ రాజ్యముయొక్క అధిపతి పేరు, మంత్రుల పేర్లు గ్రంథములలో ఉన్నవి. దాని బరువు మోసి, అరకాను కొండలలోను రైలుదారిప్రక్కనను పడిపోయినవారి పేర్లు మనము వ్రాసిననే ఉండును.